నాన్నగారి రిజిస్టరు, బందరు సముద్రం

ప్రశ్న:

మాది బందరు దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక పంతొమ్మిదేళ్ళుగా హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో ఉంటున్నాం. మా నాన్నగారు ఊళ్ళో గవర్నమెంట్ హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఏటా కార్తీక మాసంలో తొమ్మిదో తరగతి పిల్లల్ని మంగినపూడి సముద్రానికి తీసుకెళ్ళేవారు. పోయినేడు ఆయన కాలం చేశారు. ఇల్లు సర్దుతుంటే అటక మీద పాత హాజరు రిజిస్టరు ఒకటి దొరికింది. అందులో ప్రతి ఏడూ ఆ ట్రిప్పు గురించి నాలుగు లైన్లు రాసుకున్నారు. "పిల్లలు 38 మంది. పొద్దున 7.20. నీళ్ళు బాగా వెనక్కి ఉన్నాయి. ఎర్ర పీతలు విపరీతం. గవ్వలు తక్కువ. పెద్ద తాబేలు ఒకటి చచ్చి ఒడ్డున పడి ఉంది." ఇలా ఉంటాయి.

ఆయన డిపాజిట్లలో నా వాటాకి రెండు లక్షలు వచ్చాయి. ఆ డబ్బు ఆయన పేరు మీద సముద్రం కోసం ఖర్చుపెట్టాలని నా కోరిక. మావారు "హైదరాబాద్‌లో కూర్చుని సముద్రానికి ఏం చేస్తాం, అన్నదానానికి ఇచ్చెయ్" అంటున్నారు. ఫోన్లో "తాబేలును దత్తత తీసుకోండి" అని ఒక ప్రకటన రోజూ కనిపిస్తోంది. మా అపార్ట్‌మెంట్ వాళ్ళేమో అందరం బస్సు మాట్లాడుకుని సూర్యలంక వెళ్ళి బీచ్ శుభ్రం చేసొద్దాం అంటున్నారు. మా అమ్మాయి పదో తరగతి. సముద్ర జీవుల మీద చదువుతానని పట్టుపట్టింది. ఎంపీసీనా, బైపీసీనా అని ఇంట్లో రోజూ టెన్షన్. డబ్బు ఎవరికివ్వాలి? ఎవర్ని నమ్మాలి? పిల్లకి ఏం చెప్పాలి?

ఒక మాస్టారి కూతురు, ప్రగతినగర్


సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం చదువుతూ నేను ఆ రిజిస్టరు దగ్గరే ఆగిపోయాను. దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు మీవారి మాట తీసుకుంటాను.

ఆయన్ని తప్పుపట్టలేం. ఇక్కణ్ణుంచి సముద్రం కంటపడాలంటే మూడొందల కిలోమీటర్లకు పైనే పోవాలి. కానీ మీరుండే ప్రగతినగర్‌లోనే, మీ ఇంటికి ఆటో దూరంలో, దేశంలోని రేవులన్నిటికీ సముద్రం కబురు పంపే ఆఫీసు ఉంది. ఇన్‌కాయిస్ అంటారు. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం అని పూర్తి పేరు. 1999లో పెట్టారు, కేంద్ర భూ విజ్ఞాన శాఖ కింద నడుస్తుంది. పంతొమ్మిదేళ్ళలో ఎన్నోసార్లు దాని గోడ పక్కనుంచే వెళ్ళి ఉంటారు. సిగ్గుపడక్కర్లేదు. నేనూ చాలాకాలం అదేదో సాఫ్ట్‌వేర్ క్యాంపస్ అనుకున్నాను.

వాళ్ళు చేసే పనుల్లో మీ ఊరివాళ్ళకి బాగా తెలిసింది చేపల జాడ చెప్పడం. గిలకలదిండి రేవులో బోటు కదిలే ముందు సరంగు మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే, ఇవాళ చేప ఎటుంది అని. పెద్దవాళ్ళు నీటి రంగు చూసి, పిట్టల గుంపు చూసి, గాలి చూసి చెప్పేవాళ్ళు. ఇప్పటికీ చెప్తారు. దానికి తోడుగా ఉపగ్రహాలు పై నుంచి రెండు సంగతులు చూస్తాయి. నీళ్ళ పైభాగం ఎంత వెచ్చగా ఉంది, ఎంత పచ్చగా ఉంది. పచ్చదనం అంటే కంటికి ఆనని చిన్న చిన్న మొక్కలు, వాటిలోని పత్రహరితం. చల్లనీళ్ళూ వెచ్చనీళ్ళూ ఆనుకునే గీత దగ్గర ఈ మొక్కలు బాగా చేరతాయి. వాటిని తినడానికి చిన్నవి వస్తాయి, చిన్నవాటి వెనక పెద్ద చేపలు వస్తాయి. పెళ్ళింట్లో వంటల పందిరి ఎక్కడుందో పిల్లలు ఎలా పట్టేస్తారో అలాగన్నమాట. ఆ గీత ఎక్కడుందో లెక్కగట్టి, ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కుకి, ఇన్ని కిలోమీటర్లు, అక్కడ లోతు ఇంత అని ప్రగతినగర్ నుంచి పంపిస్తారు, తెలుగులోనే. వెతుక్కునే టైము తగ్గితే డీజిల్ మిగులుతుంది. మబ్బు కమ్మితే మాత్రం ఉపగ్రహానికి నీళ్ళు కనపడవు. ఆ రోజు సరంగు మళ్ళీ పిట్టల్నే నమ్ముకోవాలి.

సునామీ హెచ్చరికలు కూడా ఇక్కణ్ణుంచే. 2004 డిసెంబర్ 26 మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు పౌర్ణమి, పైగా ఆదివారం. సుమత్రా దగ్గర భూమి కంపించాక అల మన తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. రెండు గంటలంటే ఊరు ఊరంతా నడిచి వెళ్ళిపోగల సమయం. చెప్పేవాళ్ళు లేక మనవైపే వంద మందికి పైగా పోయారు. ఆ తర్వాత పెట్టిందే ఇన్‌కాయిస్‌లోని సునామీ కేంద్రం. 2007 అక్టోబర్ నుంచి రాత్రీ పగలూ అక్కడ ఎవరో ఒకరు మెలకువగానే ఉంటున్నారు.

ఇంకొక్కటి చెప్పి డబ్బు సంగతికి వస్తాను. సముద్రంలో ఆర్గో ఫ్లోట్లు అని ఉంటాయి. ఇంచుమించు మనిషంత పొడుగు గొట్టాలు. ఒక్కోటి వెయ్యి మీటర్ల లోతున ఊరికే కొట్టుకుపోతూ ఉంటుంది. పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా మునిగి, అక్కణ్ణుంచి పైకి వస్తూ దారిపొడవునా నీటి వేడి, ఉప్పు కొలుస్తుంది. పైకి తేలాక ఆ లెక్కలు ఉపగ్రహానికి పంపి మళ్ళీ మునుగుతుంది. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి దాదాపు నాలుగు వేలు తిరుగుతున్నాయి. మన దేశం వేసిన వాటి లెక్కలు చేరేది ప్రగతినగర్‌కే. బ్యాటరీ అయిపోయేదాకా, అంటే నాలుగైదేళ్ళు, అదే పని. మునగడం, తేలడం, కొలవడం. బంగాళాఖాతం ఎంత వేడెక్కింది, రాబోయే తుపానుకి ఎంత బలం దొరుకుతుంది అని చెప్పగలుగుతున్నామంటే వెనకాల ఈ విసుగులేని పనే ఉంది.

ఇన్‌కాయిస్‌కి మీ రెండు లక్షలు అక్కర్లేదు. అది సర్కారు ఖర్చుతో నడిచేది. అయినా ఇంత చెప్పడానికి కారణం ఉంది. సముద్రానికి పనికొచ్చే పని ఏదైనా ఆ గొట్టం పనిలాగే ఉంటుంది. అదే చోట, అదే పని, ఏళ్ళ తరబడి. ఇచ్చేవాళ్ళకేమో కొత్తది కావాలి, ఫోటో కావాలి, ఒక్కసారిలో అయిపోవాలి. చాలామంది డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. కాబట్టి నా సలహా ఏమిటంటే, రెండు లక్షలు ఒకేసారి ఎవరి చేతిలోనూ పెట్టకండి. చిట్టీ కట్టినట్టు, ఏటా కొంత కొంత ఇవ్వండి.

దత్తత తాబేలు సంగతి. నాలుగేళ్ళ కిందట నేనూ ఒకదాన్ని దత్తత తీసుకున్నాను. ఐదు వేలు కట్టాను. సర్టిఫికెట్ వచ్చింది, దాని మీద తాబేలు బొమ్మ. బొమ్మలో ఉన్నది పచ్చ తాబేలు. మన ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టేది ఆలివ్ రిడ్లే. అక్కడే అనుమానం రావాల్సింది. ఫోన్ చేసి నా తాబేలు ఏ ఊరి ఒడ్డున ఉందండీ అని అడిగితే మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను. జవాబు కోసం ఇంకా చూస్తున్నాను. ఆ సంస్థ పేరు చెప్పను గానీ, మీరు చూసిన ప్రకటన అదే అయినా నేను ఆశ్చర్యపోను.

అలాగని తాబేళ్ళ కోసం పనిచేసేవాళ్ళు లేరనుకోకండి. ఒకసారి ఫిబ్రవరిలో బాపట్ల తీరంలో ఒక తాతతో పాటు తెల్లవారుజామున నడిచాను. ఆయన టార్చికి ఎర్ర కాగితం చుట్టుకున్నాడు. తెల్ల లైటు పడితే తాబేలు గుడ్లు పెట్టకుండా వెనక్కి తిరుగుతుందట. ఒకచోట ఇసుకలో చిన్న ట్రాక్టరు టైరు పోయినట్టు జాడ కనిపించింది. తాత కూర్చుని, వేళ్ళతో నొక్కుతూ నొక్కుతూ వెళ్ళి ఒకచోట ఆగాడు. అక్కడ ఇసుక మెత్తగా దిగింది. మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి మొదటి గుడ్డు తీశాడు. తెల్లగా, టేబుల్ టెన్నిస్ బంతిలా ఉంది, పెంకు మాత్రం మెత్తన. వందకు పైనే లెక్కపెట్టి, అడుగున తడి ఇసుక వేసిన బకెట్లో ఒక్కోటీ తిప్పకుండా పెట్టాడు. కుక్కలూ నక్కలూ రాకుండా వలకట్టిన దడిలో అదే లోతున మళ్ళీ పాతిపెట్టి, కర్ర మీద తారీఖు రాశాడు. నెలన్నర పైన పడుతుంది పిల్లలు రావడానికి. ఇసుక వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది, వేడెక్కువైతే ఆడవి. పక్క దడిలో అప్పటికే పొదిగిన పిల్లల్ని ఆ పొద్దున వదిలారు. నీళ్ళకి కొంచెం ఇవతలే వదిలి, తాత ముందు నడుస్తూ పాదంతో దారి చదును చేస్తున్నాడు. "నేరుగా నీళ్ళలో వేసేయొచ్చు గదా తాతా" అంటే, "నడిచే పోవాలి బాబూ, రేపు గుడ్లకి మళ్ళీ రావాలంటే ఈ ఒడ్డు గుర్తుండొద్దా" అన్నాడు.

ఆయనకి ఆ సీజన్‌లో రెండు నెలలుగా కూలి రాలేదు. అది కూడా నడుస్తూ నడుస్తూ మామూలుగా చెప్పాడు.

అందుకని మీరు ఏ సంస్థకి ఫోన్ చేసినా మొదట అడగాల్సిన ప్రశ్న తాబేళ్ళ లెక్క గురించి కాదు. రాత్రుళ్ళు తీరం మీద ఎవరు నడుస్తున్నారు, ఆ ఊరివాళ్ళేనా, వాళ్ళకి ఎంత ఇస్తున్నారు, నెల నెలా అందుతోందా అని అడగండి. తడుముకోకుండా చెప్పారంటే మంచి గుర్తు. రెండోది, పోయినేడు ఏది పని చేయలేదో చెప్పమనండి. అంతా బ్రహ్మాండంగా జరిగిందన్న వాళ్ళని నేను నమ్మను. సముద్రంతో పనిచేసేవాళ్ళకి ఏటా ఏదో ఒకటి చెడుతుంది.

మత్స్యకారుల్ని దొంగల్లా చూపించే సంస్థకి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. మీ నాన్నగారు రాసుకున్న చచ్చిన తాబేలు బహుశా వలలో పడి చచ్చినదే. తాబేలు గాలి పీల్చే జీవి. ట్రాలు వల గంటల తరబడి నీటి అడుగున లాగుతుంటే అందులో ఇరుక్కుని, పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. వలకి తాబేలు తప్పించుకునే కిటికీ లాంటి చట్రం ఒకటి అమర్చొచ్చు. ఆ కిటికీలోంచి చేపా రొయ్యా కూడా జారిపోతాయని బోటు వాళ్ళ భయం. అది లేదనే కారణంతో 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యని కొనడం మానేసింది. చెరువుల్లో పెంచే రొయ్యకి ఆ నిషేధం లేదు. అంటే నష్టం బోటు మీద బతికేవాడికే. అతనితో కూర్చుని, ఆ చట్రం వేస్తే ఎంత చేప పోతుందో అతని బోటు మీదే తూచి చూపించేవాళ్ళు కావాలి.

మడ అడవుల పేరుతోనూ మీ దగ్గరికి వస్తారు. కోరంగి, కృష్ణా ముఖద్వారం... మన తీరానికి అవి పెట్టని కోటలు. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళు మీ ఇంట్లో ఉంటే వేరే చెప్పక్కర్లేదు. కానీ "ఒక మొక్కకి వంద రూపాయలు" అంటే కాస్త ఆగండి. మడ చెట్టుకి పోటూ పాటూ రెండూ కావాలి. ఉప్పునీరు వచ్చి పోతుండాలి, నిలవ ఉంటే చస్తుంది. చెన్నైలోని స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు తమిళనాడులోనూ మన దగ్గరా పాడైపోయిన మడ నేలల్లో ముందు కాలువలు తవ్వించారు. మధ్యలో ఒక పెద్ద కాలువ, రెండు పక్కలా పిల్ల కాలువలు, పై నుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. నీళ్ళు ఆడాక మొక్క నిలబడింది. కాబట్టి ఎన్ని మొక్కలు నాటారని అడక్కండి. మూడేళ్ళ కిందట నాటిన చోట ఇవాళ ఎన్ని బతికున్నాయి, వెళ్ళి చూడొచ్చా అని అడగండి.

కాగితాల సంగతి త్వరగా చెప్తాను. సంస్థ రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు, విరాళం ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు దొరికే అనుమతి ఉన్నాయో లేదో చూడండి. నీతి ఆయోగ్ వాళ్ళ దర్పణ్ పోర్టల్లో పేరు వెతకండి. రెండు వేలు దాటితే నగదుగా ఇవ్వకండి, పన్ను మినహాయింపు రాదు. మినహాయింపుకి పనికొచ్చే విరాళం సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. కొత్త పన్ను పద్ధతిలో ఉంటే ఆ మినహాయింపు ఎలాగూ వర్తించదు, కాబట్టి మీవారు ఏ పద్ధతిలో కడుతున్నారో ఒకసారి కనుక్కోండి. అన్నదానానికి ఇచ్చినా ఈ లెక్కలు తప్పవని ఆయనకి చెప్పండి.

ఇక బస్సు. మీ అపార్ట్‌మెంట్ వాళ్ళ మనసు మంచిదే. కానీ ముప్పై మంది రాను పోను ఆరొందల కిలోమీటర్లు డీజిల్ కాల్చి, దారిలో నీళ్ళ సీసాలు కొని, రెండు గంటలు సీసాలు ఏరి రావడం... నవ్వొస్తుంది కదా. సూర్యలంక విహారయాత్రకి వెళ్ళండి, హాయిగా వెళ్ళండి. శుభ్రం చేయడానికైతే కూకట్‌పల్లి నాలా దగ్గరే ఉంది. ఆ నాలా హుస్సేన్‌సాగర్‌లో పడుతుంది, సాగర్ నీళ్ళు మూసీలోకి పోతాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ మన మురికంతా మోసుకుని వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే మనం ఇక్కడ పారేసిన పాల ప్యాకెట్ మీ పుట్టింటి వైపు ప్రయాణం కట్టినట్టే. అన్నీ చేరవు. దారిలో పులిచింతల ఉంది, ప్రకాశం బ్యారేజీ ఉంది, చాలా చెత్త అక్కడే ఆగుతుంది. వరదొచ్చి గేట్లెత్తిన రోజు మాత్రం ఆపేవాడు లేడు. మీ అపార్ట్‌మెంట్ చెత్త నాలాలో పడకుండా తడి పొడి వేరు చేయించడం బస్సు ట్రిప్పు కన్నా కష్టమైన పని. అసోసియేషన్ మీటింగ్‌లో ఎంత గోల అవుతుందో నాకు అనుభవమే.

మీరు చేపలు తినేవాళ్ళయితే ఒక చిన్న మాట. జూన్ 8 ప్రపంచ మహాసముద్రాల దినం. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఊళ్ళో మృగశిర కార్తె వస్తుంది. రాంనగర్ మార్కెట్లో కాలు పెట్టే సందుండదు, నాంపల్లిలో చేప ప్రసాదం క్యూ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలకి వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలమని. మృగశిర దానిలోనే పడుతుంది. ఆ రోజు వంజరమో చందువో కావాలని పట్టుబట్టకుండా కొర్రమీనో, రవ్వో, బొచ్చో తెచ్చుకుంటే సరి. అవి మన చెరువులవి. అన్నట్టు కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కూడాను.

మీ అమ్మాయి సంగతి. "సముద్ర జీవులు" అంటోంది కాబట్టి బైపీసీ అని మీరు అనుకుంటున్నారేమో. ఒక ప్రశ్న వేసి చూడండి. తాబేలు వీడియో చూసినప్పుడు దానికి తాబేలు మీద ఆసక్తా, లేక ఆ అల ఎందుకలా వచ్చింది, నీళ్ళు ఎటు పోతున్నాయి అనేదాని మీద ఆసక్తా? మొదటిదైతే బైపీసీ, ఆ తర్వాత జంతుశాస్త్రం, మెరైన్ బయాలజీ. రెండోదైతే ఎంపీసీ. ప్రవాహాలు, తుపాన్లు, రుతుపవనాలు, సునామీలు అన్నీ లెక్కలూ ఫిజిక్సూనే. ఆంధ్రా యూనివర్సిటీలో 1950లలోనే సముద్ర పరిశోధన మొదలైంది, విశాఖ ఇప్పటికీ మనకి పెద్ద దిక్కు. 1966లో పెట్టిన, గోవాలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకి కూడా విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. కొచ్చిన్, గోవా యూనివర్సిటీల్లోనూ ఈ కోర్సులున్నాయి. ఊరు దాటి పంపడం ఇష్టం లేకపోతే గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలోనే భూమి, సముద్రం, వాతావరణం కలిపి చెప్పే విభాగం ఉంది. అవన్నీ డిగ్రీ, పీజీ నాటి మాటలు. ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. స్కూలు తరఫున ఇన్‌కాయిస్‌కి మెయిల్ రాయించి, పిల్లల్ని చూడనిస్తారా అని అడిగించండి. సముద్ర శాస్త్రవేత్తల్లో చాలామంది రోజంతా డాల్ఫిన్లతో ఈదరనీ, కంప్యూటర్ ముందు కూర్చుని కోడింగ్ చేస్తారనీ పిల్ల కళ్ళారా చూస్తే మంచిది. చూశాక కూడా అదే చదువుతానంటే ఇక అడ్డం చెప్పకండి.

ఇప్పుడు డబ్బు, రిజిస్టరు.

లక్షన్నర మీ పేరు మీద బ్యాంకులో ఎఫ్‌డీ వేయండి. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి పది వేల ఐదొందలు. మీ నాన్నగారు పనిచేసిన స్కూలు నుంచి ఒక తరగతిని బస్సులో మంగినపూడి తీసుకెళ్ళి, టిఫినూ భోజనమూ పెట్టి, సాయంత్రానికి ఇళ్ళకి చేర్చడానికి అది ఇంచుమించు సరిపోతుంది. తక్కువైతే మీ తమ్ముడో అన్నయ్యో ఉంటే ఆయన్నీ కలుపుకోండి. అసలు కదలదు, ట్రిప్పు ఆగదు. మిగతా యాభై వేలు ఏటా పది వేల చొప్పున ఐదేళ్ళు, పైన చెప్పిన ప్రశ్నలకి సరిగ్గా జవాబు చెప్పిన ఒక్క సంస్థకి. ఒక్కదానికే. ఐదేళ్ళలో ఒక్కసారైనా మీరే వెళ్ళి చూడండి. రెండో ఏడు జవాబులు నచ్చకపోతే మానేయండి, మొహమాటం వద్దు.

ట్రిప్పుకి ఒక మార్పు సూచిస్తాను, మీ నాన్నగారు ఏమీ అనుకోరు. ఆయన కార్తీకం ఎందుకు ఎంచుకున్నారో ఊహించగలను. పున్నమికీ అమావాస్యకీ పోటూ పాటూ రెండూ పెద్దవి. పాటు సమయానికి నీళ్ళు బాగా వెనక్కి పోయి పీతలూ గవ్వలూ బయటపడతాయి. ఆయన రాసిన "నీళ్ళు బాగా వెనక్కి ఉన్నాయి" అదే కావచ్చు. కానీ కార్తీక పౌర్ణమికి ఇప్పుడు మంగినపూడిలో జనం తిరునాళ్ళలా ఉంటారు, పైగా నవంబర్ తుపాన్ల నెల. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో ఒక పున్నమి చూసుకోండి. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, తాబేళ్ళు గుడ్లకి వచ్చే రోజులు కూడా. వెళ్ళే ముందు రోజు అలలు ఎలా ఉంటాయో ఇన్‌కాయిస్ సూచన చూడండి. దానికి సముద్ర అని వాళ్ళ యాప్ కూడా ఉంది. హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు తప్పనిసరి. పిల్లలు మోకాలు దాటి నీళ్ళలో దిగకూడదు. ఈ ఒక్క విషయంలో ఎవరు బతిమాలినా వినొద్దు.

ఒడ్డున చేయాల్సిన పని మాస్టారు చేసిందే, ఇంకొంచెం పట్టుగా. ఏటా అదే చోట నిలబడాలి. ఒక తాడు కట్టిన బకెట్, ఒక మామూలు థర్మామీటర్, ఒక టేపు చాలు. నీటి వేడి ఎంత, ఏ టైముకి నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి, పది మీటర్ల గీతలో ఎన్ని పీత బొరియలు, ఎన్ని ప్లాస్టిక్ ముక్కలు, చచ్చినవి ఏమైనా ఉన్నాయా. ముక్కలు లెక్కపెట్టాక ఏరేయండి, ఏరాక లెక్కపెట్టకండి. పిల్లలు ఎప్పుడూ తిరగేసి చేస్తారు.

పాత రిజిస్టరుని ముందు ప్రతి పేజీ ఫోటో తీయించి రెండు చోట్ల దాచండి. అటక మీద పడి ఉన్న కాగితం, ఇంకో వానాకాలం ఆగదు. తర్వాత మీ అమ్మాయిని కూర్చోబెట్టి కంప్యూటర్లో ఎక్కించమనండి. సంవత్సరం, తారీఖు, టైము, పీతలు, గవ్వలు, తాబేళ్ళు. "విపరీతం", "తక్కువ" లాంటి మాటల్ని అంకెలుగా మార్చొద్దని చెప్పండి, తాతగారు ఏది రాస్తే అదే ఎక్కించాలి. ఆ తారీఖులకి పున్నమి ఎప్పుడు పడిందో పాత పంచాంగాల్లో దొరుకుతుంది, అది పక్కన ఇంకో గడిలో వేయాలి. ఎంపీసీయో బైపీసీయో ఈ పని చేస్తున్నప్పుడు దానికే తెలుస్తుంది.

రిజిస్టరులో ఖాళీ పేజీలు ఎన్ని మిగిలాయో మీరు రాయలేదు. కొత్త పుస్తకం కొనకముందు అది చూడండి.